ఆస్పత్రి పాలకవర్గము దేనికి కాపలా?

(అధ్యయన పాఠము)

పాఠము ఉద్దేశము: ఆస్పత్రి బోర్డులలో, కమిటీలలో కూర్చున్నవారు డబ్బు లెక్కలతోపాటు రోగుల క్షేమమును ఎలా కనిపెట్టి చూడవలెనో తెలిసికొనుట. అటువంటి పదవి లేనివారు కూడా ఏమి అడగవచ్చునో నేర్చుకొనుట.



మన సంఘములలో సంవత్సరాంతపు సభ ఎలా జరుగుతుందో అందరికీ తెలిసినదే. కోశాధికారి లేచి వచ్చిన కానుకలు ఇంత, అయిన ఖర్చు ఇంత, నిలువ ఇంత అని చదువుతారు. పది రూపాయలు తేడా వస్తే వెనుక బల్లనుండి ఎవరో ఒకరు లేచి అడుగుతారు. అడగడం మంచిదే. కాని ఆరు నెలలుగా మంచము పట్టిన ముసలి తల్లిని చూడడానికి ఎవరు వెళ్లారు, ఎన్నిసార్లు వెళ్లారు అని అడిగేవారు ఎందరు? ఆ లెక్క పుస్తకములో ఉండదు గనుక ఆ ప్రశ్న కూడా రాదు.

ఈ బలహీనత మనది మాత్రమే కాదు. చదువుకున్నవారు, అనుభవము గలవారు కూర్చున్న పెద్ద ఆస్పత్రుల బోర్డులు కూడా ఈ గుంటలోనే పడ్డాయి. పుస్తకములో ఉన్న రూపాయిని చూశారు, వార్డులో ఉన్న మనిషిని చూడలేదు. అలా పడిన ఒక బోర్డు కథను ఈ పాఠములో చదువుకుందాము. ఆ కథ ఇంగ్లండు దేశములో జరిగినదైనా మనము దానినుండి నేర్చుకొనవలసినది చాలా ఉన్నది.

1. ఈ సంగతి మనకెందుకు?

మూడు కారణములు చెప్పవచ్చును. మొదటిది, మన పెద్దల కాలమునుండి ఆస్పత్రులతో మనకు సంబంధము ఉన్నది. పిఠాపురము, ఆకివీడు, ఉయ్యూరు, నెల్లూరు, ఒంగోలు, హనుమకొండ మొదలైన ఊళ్లలో బాప్టిస్టు మిషనులు ఆస్పత్రులు కట్టాయి. అటువంటి సంస్థల కమిటీలలో కూర్చొనుట సంఘ పెద్దలకు కొత్త కాదు. రెండవది, 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను వచ్చిన తరువాత ప్రభుత్వ ఆస్పత్రులకు కూడా రోగి కల్యాణ సమితులు ఏర్పడ్డాయి. వాటిలో అధికారులు, డాక్టర్లతోపాటు ప్రజాప్రతినిధులకు, స్వచ్ఛంద సంస్థలవారికి చోటు ఉన్నది. మహారాష్ట్రలో రుగ్ణ కల్యాణ సమితి అనీ, కర్ణాటకలో ఆరోగ్య రక్షా సమితి అనీ పేర్లు వేరైనా పని ఒకటే. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఏదో ఒక రోజు మనమో మనవారో ఆ మంచము మీద పడుకొనవలసినవారమే.

2. స్టాఫర్డ్ ఆస్పత్రిలో జరిగినది

ఇంగ్లండు మధ్య భాగములో స్టాఫర్డ్ అను పట్టణము ఉన్నది. అక్కడి ఆస్పత్రిని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ట్రస్టు అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ నడిపేది. దానికి ఒక బోర్డు ఉండేది. 2006-07 సంవత్సరములో ఆ బోర్డు కోటి పౌండ్లు పొదుపు చేయాలని నిర్ణయించింది. నూట యాభైకి పైగా ఉద్యోగములు తగ్గించడానికి పూనుకొన్నది. అప్పటికే వార్డులలో నర్సులు చాలక ఇబ్బంది పడుతున్నారు. అదే సమయములో 'ఫౌండేషన్ ట్రస్టు' అనే ఉన్నత హోదా సంపాదించాలని బోర్డువారికి ఆశ. ఆ హోదా వస్తే ఆస్పత్రికి ఎక్కువ స్వాతంత్ర్యము, గౌరవము. దానికి డబ్బు లెక్కలు చక్కగా కనబడాలి. 2008 ఫిబ్రవరిలో హోదా వచ్చింది.

వార్డులలో అప్పుడు ఏమి జరుగుతున్నది? తరువాత విచారణలో కుటుంబములవారు చెప్పిన సంగతులు వినడానికే బాధాకరమైనవి. అన్నము పళ్లెము, మంచినీళ్లు రోగి చేతికి అందనంత దూరములో పెట్టి వెళ్లారు. మరుగుదొడ్డికి తీసుకువెళ్లమని పిలిచినా ఎవరూ రాక, తడిసిన పక్కలలోనే వృద్ధులు గంటల తరబడి పడి ఉన్నారు. అత్యవసర విభాగములో ఎవరి పరిస్థితి ఎంత ప్రమాదమో నిర్ణయించే పని ఒక్కొక్కప్పుడు వైద్య శిక్షణ లేని రిసెప్షన్ ఉద్యోగుల మీద పడింది. గుండెను కనిపెట్టే యంత్రములు వాడడము తెలియక నర్సులు వాటిని ఆపివేసిన సందర్భములు ఉన్నవి.

2007 ఏప్రిల్‌లో చక్కెర వ్యాధిగల ఒక స్త్రీకి ఇన్సులిన్ ఇవ్వకపోవడం వలన ప్రాణము పోయింది. ఆ మందు ఆస్పత్రిలో లేక కాదు. ఆమెకు చక్కెర వ్యాధి ఉన్నదన్న సంగతి ఒక డ్యూటీ నర్సులనుండి మరొక డ్యూటీ నర్సులకు సరిగా చేరలేదు, కాగితములు చూడవలసినట్లు చూడలేదు. ఏడు సంవత్సరముల తరువాత, 2014లో, ఆ మరణమునకు కోర్టు ట్రస్టుకు రెండు లక్షల పౌండ్ల జరిమానా విధించింది.

3. హెచ్చరికలు రాలేదా?

వచ్చాయి. ఒకటి కాదు, అనేకము వచ్చాయి. అందుకే ఇది మనకు పాఠము.

2007లో ఇంగ్లండు ఆస్పత్రుల మరణముల పట్టిక ఒకటి వెలువడింది. అటువంటి పట్టికలో ఊరికే చనిపోయినవారిని లెక్కపెట్టరు. వచ్చిన రోగుల వయస్సు, జబ్బు మొదలైనవి చూసి, దేశములోని సగటు ప్రకారము ఇక్కడ ఎందరు చనిపోవచ్చునో అంచనా వేస్తారు. ఆ అంచనాను 100 అనుకుంటే స్టాఫర్డ్ సంఖ్య 127గా తేలింది. బోర్డువారు అది చూసి ఏమన్నారు? కేసు కాగితములలో జబ్బుల సంకేతములు తప్పుగా వ్రాయడము వలన సంఖ్య పెరిగి ఉంటుంది అన్నారు. గుమాస్తాల పని సరిచేయడానికి మనుషులను పెట్టారు. వార్డులోకి వెళ్లి చూడడానికి మాత్రము పూనుకొనలేదు.

సంకేతములు తప్పడము కూడా సంభవమే. అందుచేత అటువంటి సంఖ్య ఒక్కటే తీర్పు చెప్పలేదు. తరువాతి రోజులలో పత్రికలు వందలలో, వెయ్యికి పైగా అనవసర మరణములు జరిగినవని లెక్కలు ప్రచురించాయి. విచారణాధికారి ఆ సంఖ్యలను ఆధారముగా తీసికొనరాదని హెచ్చరించారు. సంఖ్య పొగవంటిది. పొగ కనబడినప్పుడు నిప్పు ఉన్నదో లేదో వెళ్లి చూడవలెను. పొగ చూసి ఇల్లంతా కాలిపోయిందని కేకవేయుట తప్పు. అది మంచు అయి ఉంటుందిలే అని తలుపు వేసుకొనుట అంతకంటె పెద్ద తప్పు.

ఇతర హెచ్చరికలు కూడా ఉన్నవి. శస్త్రచికిత్స విభాగము సరిగా పనిచేయడము లేదని 2007లోనే నిపుణులు నివేదిక ఇచ్చారు. అత్యవసర విభాగమునుండి ఒక నర్సు, రోగులు నిరీక్షించిన సమయమును తప్పుగా వ్రాయిస్తున్నారని ఫిర్యాదు చేసింది. తల్లిని పోగొట్టుకొన్న ఒక కుమార్తె తనవంటి మరికొందరిని కూడగట్టి ఊరిలోనే ఉద్యమము నడిపింది. ఇన్ని గొంతులు లేచినా బోర్డు గదిలోకి ఆ ధ్వని చేరలేదు.

2008లో తనిఖీ సంస్థవారు విచారణ మొదలుపెట్టి 2009 మార్చిలో నివేదిక ఇచ్చారు. వారు బోర్డు మినిట్స్ పుస్తకములు తిరగవేశారు. ఎక్కువ చర్చ డబ్బు మీద, లక్ష్యముల మీద, ఆ హోదా మీద జరిగినదని తేలింది. చాలా సంగతులు రహస్య సమావేశములలోనే నడిచాయి. తరువాత రాబర్ట్ ఫ్రాన్సిస్ అను న్యాయవాది రెండు విచారణలు జరిపారు. మొదటి నివేదిక 2010లో, బహిరంగ విచారణ నివేదిక 2013 ఫిబ్రవరి 6న వచ్చాయి. రెండవదానిలో 290 సిఫారసులు ఉన్నవి. చివరకు 2014 నవంబరులో ఆ ఆస్పత్రిని మరొక ట్రస్టుకు అప్పగించారు.

4. ఇది మొదటిసారి కాదు

అదే దేశములో బ్రిస్టల్ పట్టణపు ఆస్పత్రిలో పసిపిల్లల గుండె ఆపరేషన్లు జరిగేవి. 1988లో అక్కడ చేరిన స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు పిల్లలు ఎక్కువగా చనిపోతున్నారని గమనించి, 1990లోనే ఆస్పత్రి ముఖ్య అధికారికి ఉత్తరము వ్రాశాడు. ఆపరేషన్లు ఆగడానికి ఇంకా అయిదు సంవత్సరములు పట్టింది. 2001 జులైలో వచ్చిన విచారణ నివేదిక ప్రకారము 1991నుండి 1995వరకు, మామూలు ఆస్పత్రులతో పోల్చితే, ఏడాదిలోపు పసిబిడ్డలు 30నుండి 35మంది ఎక్కువగా చనిపోయారు.

బ్రిస్టల్ సంగతి బయటపడిన తరువాత, 1999లో ఇంగ్లండు చట్టము ప్రకారము ఆరోగ్య ట్రస్టులకు డబ్బు బాధ్యతతోపాటు వైద్యము నాణ్యతను చూసే బాధ్యత కూడా వచ్చింది. అంటే స్టాఫర్డ్ బోర్డు కూర్చునే నాటికి చట్టము ఉన్నది, కమిటీలు ఉన్నవి, ఫారములు ఉన్నవి. అయినా తప్పు జరిగింది. చట్టము బల్ల వేయగలదు గాని బల్ల దగ్గర కూర్చున్నవారి చేత ప్రశ్న అడిగించలేదు.

5. మంచి బోర్డు ఏమి చేస్తుంది?

బోర్డు సభ్యులు డాక్టర్లు కానక్కరలేదు. ఏ మందు ఇవ్వాలో చెప్పడము వారి పని కాదు. "మన ఆస్పత్రిలో రోగి క్షేమముగా ఉన్నాడా? ఆ సంగతి మనకెలా తెలుసు?" ఈ రెండు ప్రశ్నలు విడవకుండా అడగడమే వారి పని. దానికి ఆరు మార్గములు చెప్పుకుందాము.

మొదటిది, సమయము. అమెరికాలో 2006లో మొదలైన ఒక రోగి భద్రతా ఉద్యమము, బోర్డు సమావేశములో కనీసము నాలుగవ వంతు సమయము వైద్యము నాణ్యతకు, భద్రతకు కేటాయించమని సలహా ఇచ్చింది. మన కమిటీలలో ఆ అంశమును ఆఖరున, టీ వచ్చిన తరువాత పెడతాము. దానిని మొదట పెట్టవలెను.

రెండవది, ఒక రోగి కథ. ప్రతి సమావేశము ఆరంభములో ఒక రోగికి జరిగిన సంగతి, మంచిదైనా చెడుదైనా, పేరు లేకుండా చదవవలెను. వీలైతే ఆ కుటుంబమునే పిలిచి వినవలెను. పట్టిక చూసి మర్చిపోతాము, మనిషి మాట మర్చిపోలేము.

మూడవది, కొన్ని సంఖ్యలు. ఎక్కువ అక్కరలేదు. ఈ నెలలో ఎందరు మంచము మీదనుండి పడ్డారు? ఆస్పత్రిలో చేరిన తరువాత ఎందరికి పడక పుండ్లు వచ్చాయి? ఎన్ని ఆపరేషన్ గాయములు చీము పట్టాయి? ఎన్నిసార్లు మందు మారిపోయింది? రాత్రి డ్యూటీలో ఒక నర్సుకు ఎందరు రోగులు? ఈ నెల సంఖ్య ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. పన్నెండు నెలల సంఖ్యలు వరుసగా గీత గీసి చూస్తే పైకి పోతున్నదో కిందికి పోతున్నదో చిన్నపిల్లవాడు కూడా చెప్పగలడు. 'సున్నా' అని వ్రాసి ఉంటే వెంటనే సంతోషించరాదు. పడినవారు లేక సున్నానా, చెప్పేవారు లేక సున్నానా అని అడగవలెను.

నాలుగవది, కాళ్లతో తిరిగి చూచుట. చెప్పకుండా ఒక సాయంత్రము వార్డుకు వెళ్లవలెను. మంచినీళ్లు చేతికి అందుతున్నవా? చేతులు కడుక్కొనే చోట సబ్బు ఉన్నదా? పిలిచిన ఎంతసేపటికి నర్సమ్మ వస్తున్నది? ఇవి చూడడానికి ఎం.బి.బి.ఎస్. చదవనక్కరలేదు. అయితే వెళ్లినప్పుడు అధికారము చూపించి నర్సులను గద్దించరాదు. అలా చేస్తే మరుసటి నెలనుండి నిజము దాగిపోతుంది.

అయిదవది, పనిచేసేవారి మాట. తప్పు మొదట కనబడేది ఆయమ్మకు, నర్సుకు, జూనియర్ డాక్టరుకు. వారు చెప్పినందుకు శిక్ష పడితే ఇంకెవరూ చెప్పరు. తెలిసి కావాలని చేసిన చెడుకు శిక్ష ఉండవలసినదే. పని ఒత్తిడిలో జరిగిన పొరపాటు అయితే ఎవరు చేశారు అని మాత్రమే కాక, ఎందుకు జరగనిచ్చాము అని బోర్డు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఒకే రంగు మూత గల రెండు మందు సీసాలు పక్కపక్కన పెట్టినది నర్సు కాదు గదా!

ఆరవది, చెప్పిన పని జరిగినదా అని మరల చూచుట. "తగు చర్య తీసికొనబడును" అని మినిట్స్‌లో వ్రాసి సంతకము పెట్టడము సులభము. ఎవరు, ఏ తేదీలోగా అని వ్రాసి, ఆ తేదీన మరల అడగడమే పర్యవేక్షణ.

చిన్న పని ఎంత మేలు చేస్తుందో ఒక ఉదాహరణ చూడండి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ గదికి 19 అంశముల జాబితా తయారుచేసింది. రోగి పేరు సరియేనా, ఏ వైపు ఆపరేషను, అలర్జీ ఏమైనా ఉన్నదా, దూది గుడ్డలు, సూదులు లెక్క సరిపోయినవా, ఇటువంటి ప్రశ్నలే. ఢిల్లీతో సహా ఎనిమిది పట్టణముల ఆస్పత్రులలో దానిని వాడి చూడగా, మరణములు నూటికి 1.5నుండి 0.8కి తగ్గాయని 2009లో ప్రకటించారు. ఒక కాగితము, రెండు మూడు నిమిషములు. మన ఆస్పత్రిలో అది నిజముగా చదువుతున్నారా, లేక ఆపరేషను అయిన తరువాత కూర్చొని టిక్కులు పెడుతున్నారా? ఇది బోర్డు అడగవలసిన ప్రశ్న.

6. మన దేశములో

2011 డిసెంబరులో కలకత్తాలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నిప్పు అంటుకొని తొంభైమంది దాకా చనిపోయారు. ఎక్కువమంది మంటలలో కాదు, పొగలో ఊపిరి ఆడక పోయారు. కదలలేని రోగులు పైఅంతస్తులలో ఉన్నారు. పోలీసులు ఆ సంస్థ డైరెక్టర్లను అరెస్టు చేశారు. 2016 అక్టోబరులో భువనేశ్వర్‌లోని ఒక ఆస్పత్రిలో అటువంటిదే జరిగి ఇరవైమందికి పైగా మరణించారు. ఒరిస్సాలోని మన సంఘములవారికి ఇది దూరపు కథ కాదు. కింది అంతస్తులో ఏమి నిలువ చేశారు, పొగ వస్తే బయటికి దారి ఉన్నదా, రాత్రి పన్నెండు గంటలకు రోగులను ఎవరు మోస్తారు, అభ్యాసము ఎప్పుడు చేశారు? ఈ ప్రశ్నలు అడగడము బోర్డు పనియే.

మన దేశములో 2005లో ఏర్పడిన ఎన్.ఎ.బి.హెచ్. అను సంస్థ ప్రమాణములు పాటించే ఆస్పత్రులకు గుర్తింపు ఇస్తున్నది. ప్రభుత్వ ఆస్పత్రులకు వేరుగా జాతీయ నాణ్యతా ప్రమాణములు ఉన్నవి. అవి మంచివి. కాని గోడకు తగిలించిన సర్టిఫికెట్టు తనిఖీ జరిగిన రోజుల సంగతి చెబుతుంది. ఈ రాత్రి సంగతి చెప్పదు.

పరభాషా ప్రాంతములలో స్థిరపడిన మనకు ఇంకొక ప్రమాదము ఉన్నది. మా ఎరుకలో ఒక పెద్దమ్మగారు ఆస్పత్రిలో చేరినప్పుడు ఆపరేషను కాగితము అక్కడి భాషలో ఉన్నది. ఆమెకు ఆ భాష మాట్లాడ వచ్చును, చదువ రాదు. "సంతకం పెట్టండి, అందరూ పెడతారు" అన్నారు. పెట్టింది. ఫలానా మందు తనకు పడదని తెలుగులో చెప్పిన మాట ఎవరికీ అర్థము కాలేదు. అదృష్టవశాత్తు తరువాతి డ్యూటీకి తెలుగు తెలిసిన నర్సు వచ్చింది గనుక ఆ మందు పడలేదు. అదృష్టము మీద ఆధారపడేది భద్రత కాదు. జాతీయ మానవ హక్కుల కమిషను తయారుచేసిన రోగుల హక్కుల పత్రమును కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రములకు పంపినది. రోగికి తెలిసిన భాషలో వివరము చెప్పవలెనన్నది అందులోని అంశమే. బోర్డులో ఒక్క సభ్యుడు "మన వార్డులలో ఏయే భాషలవారు ఉన్నారు? వారికి ఎవరు చెబుతున్నారు?" అని అడిగితే చాలు, పని మొదలవుతుంది.

7. తప్పు జరిగితే?

స్టాఫర్డ్ తరువాత, 2014 నవంబరునుండి, ఇంగ్లండులో ఒక చట్టబద్ధమైన నియమము వచ్చింది. చికిత్సలో రోగికి గట్టి హాని జరిగితే ఆస్పత్రి తానే ఆ కుటుంబమునకు నిజము చెప్పి, క్షమాపణ కోరవలెను. వారు అడిగేవరకు ఆగరాదు. మన దగ్గర "ఒప్పుకుంటే కేసు వేస్తారు" అని భయము. కాని కుటుంబములను ఎక్కువ గాయపరచేది దాపరికము. జరిగినది చెప్పి, మరల జరగకుండ ఏమి చేశామో చూపించే ఆస్పత్రిని ప్రజలు నమ్ముతారు.

మనలో కమిటీ పదవి ఉన్నవారు వచ్చే సమావేశమునకు ఒక్క ప్రశ్న వ్రాసుకొని వెళ్లండి. జవాబు నచ్చకపోతే మరల అడగండి. మర్యాద తప్పకండి, ప్రశ్న విడవకండి. పదవి లేనివారు ఫిర్యాదును నోటితో కాక కాగితము మీద, తేదీ వేసి ఇవ్వండి, నకలు ఉంచుకొనండి. మంచి సేవ చేసిన నర్సు పేరు కూడా వ్రాసి ఇవ్వండి. అది కూడా బోర్డుకు తెలియవలసిన సమాచారమే.

స్టాఫర్డ్ బోర్డులో కూర్చున్నవారు రోగులకు హాని చేయాలని కూర్చున్నవారు కారు. అంతా బాగానే ఉన్నదని చెప్పిన మాటలు నమ్మారు, నచ్చని మాటలకు వేరే కారణములు వెదికారు. మనము కూడా అంతకంటె తెలివైనవారము కాము. గనుక అడిగే అలవాటు చేసికొందము.

చర్చకు ప్రశ్నలు

1. స్టాఫర్డ్ బోర్డుకు వచ్చిన హెచ్చరికలు ఏవి? వాటిలో ఏది మీరైతే మొదట వినేవారు? ఎందుకు?

2. మరణముల సంఖ్య ఎక్కువగా కనబడినప్పుడు చేయరాని రెండు తప్పులు ఏవి?

3. 'సున్నా' అని నివేదిక వచ్చినప్పుడు ఎందుకు జాగ్రత్త పడవలెను?

4. మీ ఊరి ప్రభుత్వ ఆస్పత్రి సమితిలో సభ్యులు ఎవరు? కిందటి సమావేశము ఎప్పుడు జరిగింది? తెలిసికొని వచ్చే నెల కూడికలో చెప్పండి.

5. మీ ఆస్పత్రిలో తెలుగు మాత్రమే తెలిసిన రోగికి ఎవరు సహాయము చేస్తున్నారు? మన సంఘమునుండి ఎవరైనా వారమునకు ఒక పూట వెళ్లగలరా?

6. మన సంఘ లెక్కల పుస్తకములో లేని లెక్క ఏది? దానిని ఎవరు అడగవలెను?